ఏమోయ్

ఆదివారం, మధ్యాహ్నం

పూజ్యులైన వదినగారికి మీ మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. మీరైనా అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీ తమ్ముడి గొంతు దగ్గర కుట్లు మానాయి. మెత్తగా చేసి పెడితే మింగుతున్నారు. మాట మాత్రం లేదు. స్వరపేటికే తీసేశాక మాటెక్కణ్ణించి వస్తుంది? ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తారు.

ఇన్నేళ్లూ చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి కంప్యూటర్లో రికార్డు చేసిన మనిషి కదా. అవన్నీ ఒక పద్ధతిగా సర్ది ఇమ్మని బడివాళ్లు అడిగారు. ఆయనేమో ఆ గది గడప తొక్కడం లేదు. సరేనని నేనే కూర్చున్నాను. అబ్బబ్బ, మీ తమ్ముడి బట్టల బీరువా చూసినవాళ్లకి ఆ కంప్యూటర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ‘కొత్త ఫోల్డర్’, దాని లోపల ఇంకో ‘కొత్త ఫోల్డర్’, అందులో ‘తర్వాత చూడాలి’. భూగోళంలో లెక్కలు, లెక్కల్లో వ్యాకరణం! పైగా చోటు లేదని కంప్యూటర్ మొరాయింపు. చూస్తే, ‘చెత్త’ అని ఆయనే పేరు పెట్టిన ఫోల్డర్ ఒకటి బోలెడంత చోటు ఆక్రమించి కూర్చుంది. చెత్తని ఇంట్లో దాచుకునే అలవాటు నాకు లేదని మీకు తెలుసుగా. తీసేస్తే ఇక తిరిగి రాదు, సరేనా అని అడిగింది కంప్యూటర్. సరేనన్నాను.

ఇప్పుడు తరగతికొక ఫోల్డర్, అందులో సబ్జెక్టుకొకటి, పాఠానికొక నంబరు. అద్దంలా ఉంది.

అసలు సంగతి చెప్తాను, నవ్వకండి. ఈ వంకతో నేను వెతికింది ఒక్క మాట కోసం. పెళ్లయినప్పట్నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ‘ఏమోయ్’ అనేవారు, సగం విసుగు, సగం గారం. ఆ పిలుపు లేక ఇల్లు బావురుమంటోంది వదినా. ప్రతి పాఠమూ విన్నాను. నదుల్నీ, కొండల్నీ, సంధుల్నీ, సమాసాల్నీ అన్నిటినీ పలికారు మహానుభావుడు, నన్ను తప్ప. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, ఫోన్లు చేసుకునే పనేం పడింది? ఆయన్ని అడుగుదామంటే, పోయిన గొంతు గుర్తుచేసి ఏడిపించడమెందుకని ఊరుకున్నాను. ఆయన మీకెప్పుడైనా మాటలు రికార్డు చేసి పంపి ఉంటే, మధ్యలో నన్ను పిలిచారేమో కాస్త వెతికించండి. మీకు పుణ్యముంటుంది.

మీ మోకాళ్లు జాగ్రత్త. మందులు మానకండి.

ఇట్లు,
మీ జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా చూసే
మీ మరదలు

తా.క.: ఉత్తరం మడుస్తూ, మనసాగక ఆయన్నే అడిగాను. ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నవ్వారు. పలక మీద రాశారు: “పాఠాల్లో ఎందుకుంటుంది? నేను చదువుతుంటే నువ్వు గిన్నెలు పడేసేదానివి. ‘ఏమోయ్, కాస్త ఆగు’ అని అరిచేవాణ్ణి. ఆ ముక్కలన్నీ కోసి ఒకచోట దాచాను. చెత్త అని ఉంటుంది చూడు.”

ఇన్నాళ్లకి ఆ గదిలోకి వెళ్లి, నాకూ ఒక కుర్చీ వేసి కూర్చున్నారు. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి వచ్చి ఇది రాస్తున్నాను. పొయ్యి వెలిగించనే లేదు. పిలవలేరు కదా, అక్కడ బల్ల మీద తడుతున్నారు.