రెండో కంప్యూటరు

మార్చి 3, సోమవారం

మా కళ్లద్దాల షాపు కంప్యూటర్లో లెన్సుల ల్యాబు పేరు కొడితే పేకాట సైటు వచ్చింది. మళ్లీ కొట్టాను. ఈసారి నాకు లాటరీలో కారు తగిలిందట, అభినందనలట. కౌంటరుకి అవతల కూర్చున్న లెక్కల మాస్టారు తొంగిచూసి, కారొస్తే నన్ను ఇంటిదగ్గర దింపమ్మా, నా బైఫోకల్ రేపైనా పర్లేదు అన్నారు. నవ్వాను గానీ లోపల మండింది. ఆయన ఆర్డరు పెట్టేసరికి తాతలు దిగొచ్చారు. పేకాట, కారు, జుట్టు రాలకుండా నూనె, అన్నీ దాటుకుని ల్యాబు పేజీ చేరాను.

వెనక గదిలో లెన్సుల అంచులు అరగదీస్తున్న బాబాయి మెషీను ఆపి, ఏం నొక్కావే అని అడిగాడు. ఏమీ నొక్కలేదన్నాను. అందరూ అదే అంటారు అన్నాడు. ఆయన జన్మలో మౌస్ ముట్టుకోలేదు. సలహాలకి మాత్రం తక్కువ లేదు.

మార్చి 4

వీడియో చూసి నేనే బాగుచేశాను. అనుమానంగా కనిపించిన ప్రోగ్రాములు తీసేశాను, స్కాన్ పెట్టాను, బ్రౌజరు రీసెట్ చేశాను. ఎక్స్‌టెన్షన్లలో ఒకటి దొరికింది, ఫ్రీ పీడీఎఫ్ కన్వర్టర్. నేను పెట్టలేదు. పీకేశాను. ఇప్పుడు ల్యాబు అని కొడితే ల్యాబే వస్తోంది. బాబాయిని పిలిచి మరీ చూపించాను.

మార్చి 5

మళ్లీ పేకాట.

మార్చి 7, శుక్రవారం

రెండు వీధుల అవతల కంప్యూటర్లు రిపేరు చేసే ఆయన్ని పిలిచాను. బజారంతా ఆయన్ని డాక్టరు అంటారు. ఏ కంప్యూటరు చూసినా ముందు దాని వెనక చెయ్యి పెట్టి వేడి చూస్తాడు కాబట్టి. మనిషి మంచివాడే, మాట్లాడితే మాత్రం మనకి తెలివి లేదని తేలిపోతుంది.

వేడి చూశాడు. నోటిఫికేషన్లకి ఎక్కడెక్కడ అలో నొక్కానో చూసి నిట్టూర్చాడు. ఒకటి కాదు, నాలుగు స్కాన్లు పెట్టాడు. హోమ్ పేజీ సరిచేశాడు, సెర్చ్ ఇంజిన్ సరిచేశాడు, షార్ట్‌కట్ వెనక ఎవరైనా వేరే సైటు అడ్రసు తోకలా తగిలించారేమో కూడా చూశాడు. కంప్యూటరు కడిగిన ముత్యంలా ఉందమ్మా అన్నాడు. అని టీ తాగుతుండగానే ఆ పీడీఎఫ్ కన్వర్టర్ మా ఇద్దరి కళ్లముందే తిరిగొచ్చి కూర్చుంది. ఎవరూ ఏమీ నొక్కలేదు.

ఆయన టీ పక్కన పెట్టేశాడు. ఇది ఇక్కడిది కాదు అన్నాడు. అంతలో ఫోన్ వస్తే వెళ్లిపోయాడు.

మార్చి 11, మంగళవారం

అక్షరాలు ఎలా వస్తే అలా రాస్తున్నాను.

డాక్టరు వచ్చి, మీ అకౌంటుకి ఇంకో కంప్యూటరు ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఉంది అని స్క్రీను నావైపు తిప్పాడు. అకౌంటులో సైన్ ఇన్ అయి ఉన్న కంప్యూటర్లు రెండు. ఒకటి ఇది. రెండోదాని పక్కన, చివరిసారి వాడింది ఈరోజు, అని ఉంది. ఊరు చూపించలేదు. దేశం మనదే.

ఆయన చెప్పింది ఇదీ. బ్రౌజరు సింక్ అవుతుంది. అక్కడ పెట్టింది ఇక్కడికొస్తుంది, ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. కానీ అక్కడి కంప్యూటరు లోపలే రోగం ఉంది. ఇక్కడ మనం తీసిన ప్రతిసారీ అక్కడ అది మళ్లీ పెట్టేస్తోంది, అది మళ్లీ ఇక్కడ దిగుతోంది. మీరు ఇక్కడ ఎంత కడిగినా లాభం లేదమ్మా, బురద అక్కడుంది అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రెండోది షాపు పాత లాప్‌టాప్. ఇల్లు వదిలి వెళ్తూ మా చిన్నది పట్టుకెళ్లింది.

అమ్మ పోయాక నా చెల్లి ఈ ఇంట్లో ఉండలేకపోయింది. పోట్లాట ఏమీ లేదు. ఉంటే ఎంత బాగుండేదో, పోట్లాటకి రాజీ అయినా ఉంటుంది. ఊపిరాడటం లేదక్కా, కొన్నాళ్లు ఎక్కడైనా ఉంటాను, వెతక్కండి అంది. మొదట్లో ఫోన్ చేసేది. తర్వాత ఆ నంబరు ఎవరో కూరగాయల వ్యాపారికి వెళ్లింది. నేను ఎన్నిసార్లు చేశానంటే ఇప్పుడు ఆయన నా గొంతు గుర్తుపట్టి, ఇంకా దొరకలేదా అమ్మా అని అడుగుతాడు.

రెండేళ్లుగా బతికుందో లేదో తెలియని మనిషి కంప్యూటరు పక్కన ఈరోజు అని ఉంది.

డాక్టరు ఏదో అడుగుతున్నాడు. నాకు వినబడలేదు. బాబాయి వెనక గదిలోంచి వచ్చి ఆ ఒక్క ముక్క చదివించుకున్నాడు. మళ్లీ చదువు అన్నాడు. మళ్లీ చదివాను.

మార్చి 12

డాక్టరు పొద్దున్నే వచ్చి నా ఆశ మీద నీళ్లు చల్లాడు. ఆ లాప్‌టాప్ ఆవిడ అమ్మేసి ఉండొచ్చుగా, కొన్నవాడు అకౌంటు తీయకుండా వాడుకుంటూ ఉండొచ్చు, సెకండ్ హ్యాండ్‌లో రోజూ చూస్తుంటాను అన్నాడు. నా మంచికే చెప్పాడు. అయినా కాసేపు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

కానీ పీడీఎఫ్ కన్వర్టర్ ఎవరికి కావాలి? ఉద్యోగాలకి అప్లై చేసేవాళ్లకి. చిన్నది ఉద్యోగం వెతుక్కుంటోందన్నమాట. ఎక్కడ ఓకే అని కనిపించినా నొక్కే పిల్ల అది. చదవకుండా నొక్కుతావేంటే అంటే, చదివితే భయమేస్తుంది అక్కా అనేది.

మార్చి 15, శనివారం

ఇంకో ఎక్స్‌టెన్షన్ వచ్చింది. వాన చప్పుడు. నొక్కితే వాన పడుతున్న శబ్దం వినిపిస్తుంది, నిద్ర పట్టనివాళ్ల కోసమట. దాంతోపాటు ఇంకో నాలుగు ప్రకటనలు, అది వేరే సంగతి.

ఈసారి తీయలేదు. నొక్కాను. షాపులో వాన పడింది.

బాబాయి ఏంటది అని వచ్చాడు. చెప్పాను. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. చిన్నది పసిదిగా ఉన్నప్పుడు మధ్యాహ్నాలు ఆయన మెషీను పక్కన చాప మీదే నిద్రపోయేది. మెషీను ఆపితే లేచి ఏడ్చేది, అందుకని పని లేకపోయినా పగిలిన లెన్సు ఏదో పెట్టి అరగదీస్తూ ఉండేవాణ్ణి అన్నాడు. నాకిది ఇప్పటిదాకా తెలియదు. దానికి చప్పుడు లేకపోతే నిద్ర పట్టదే, అది మనదే, లాప్‌టాప్ కొన్నవాడికి వానతో ఏం పని అన్నాడు. డాక్టరు వాదన ఆయన ముందు పూచికపుల్ల.

అప్పుడు తట్టింది. అక్కడి చెత్త ఇక్కడికి వస్తున్నప్పుడు ఇక్కడి మాట అక్కడికి ఎందుకు పోదు? మన షాపు పేజీకి ఒక బుక్‌మార్కు పెట్టి, పేరు ఉన్నచోట ఇలా టైపు చేశాను: చిన్నదానా, ఎలా ఉన్నావు.

సేవ్ నొక్కేముందు చాలాసేపు ఆలోచించాను. వెతక్కండి అంది కదా. ఇది వెతకడమా? గుమ్మంలో నిలబడి పలకరించడం వెతకడం కాదు. నొక్కాను.

మార్చి 19, బుధవారం

రోజూ షాపు పేజీ తెరిచి, నా బుక్‌మార్కు పేరు మారిందేమో చూస్తున్నాను. జవాబు లేదు. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఇంకోటి జరిగింది.

మాస్టారు బైఫోకల్‌కి షాపు కంప్యూటరు మీదే కార్డుతో కడతానన్నారు. పేమెంట్ పేజీ వచ్చింది. ఆయన కార్డు నంబరు కొట్టబోతూ ఆగారు. రంగు అదే, బొమ్మ అదే, అడ్రసులో మాత్రం ఒక అక్షరం ఎక్కువుందమ్మా అన్నారు. మాస్టారు కాకుండా ఇంకెవరైనా అయితే ఈపాటికి నిలువునా మునిగేవారు. డాక్టరుకి ఫోన్ చేశాను.

డాక్టరుకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం మొదటిసారి చూశాను. పాస్‌వర్డ్ మార్చి అన్ని కంప్యూటర్లలో సైన్ అవుట్ నొక్కితే పది నిమిషాల్లో పీడ పోతుంది, మీ బెంగ కోసం ఊరివాళ్ల కార్డులు పణంగా పెడతారా అన్నాడు. ఒక్కమాట అబద్ధం లేదు. మౌస్ ఆ బటన్ మీద పెట్టి లేచి, కుర్చీ నాకిచ్చాడు.

నొక్కితే రెండో కంప్యూటరు పోతుంది. మళ్లీ ఎప్పటికీ దాని పక్కన ఈరోజు అని చూడను. నాకు చెల్లెలున్నట్టు లోకంలో ఉన్న రుజువు అదొక్కటే.

రేపటిదాకా టైమ్ అడిగాను. ఇంటర్నెట్ వైరు పీకి ఆయన చేతికిచ్చాను. ల్యాబుకి ఆర్డర్లు ఫోన్లో చెప్పాను.

మార్చి 20

పరిష్కారం బాబాయి చెప్పాడు. మౌస్ ముట్టని మనిషి. అంటురోగం వస్తే మనిషిని వేరే గదిలో పడుకోబెడతాం గానీ ఇంట్లోంచి గెంటేస్తామా అన్నాడు.

డాక్టరు గడ్డం గోక్కున్నాడు. తర్వాత కొత్త కంప్యూటరు తెచ్చి, షాపుకి వేరే అకౌంటు, వేరే పాస్‌వర్డ్, వేరే కనెక్షను పెట్టాడు. ల్యాబు, కార్డులు, కస్టమర్ల వివరాలు అన్నీ అందులోకి. పాత అకౌంటులో వాటి ఆనవాలు లేకుండా తుడిచాడు. పాత కంప్యూటరు వెనక గదిలో, బాబాయి మెషీను పక్కన, రోగంతో సహా. దాని మీద ఎవరూ ఏమీ కొనకూడదు, కార్డు నంబరూ పాస్‌వర్డూ కొట్టకూడదు, చూడటానికి మాత్రమే అని ఒట్టు వేయించుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, నా సర్వీసులో రోగం నయం కాకూడదని అడిగిన ఇల్లు ఇదే అన్నాడు.

మార్చి 27

ఈరోజూ పేకాటే వచ్చింది. హమ్మయ్య.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున షట్టరు ఎత్తగానే వెనక గదికి వెళ్తున్నాను. ల్యాబు పేరు కొడతాను. పేకాట వస్తే చిన్నది ఇవాళ లేచింది, లాప్‌టాప్ తెరిచింది అనుకుంటాను. ఒకరోజు పేకాట బదులు పరుపుల ప్రకటన వచ్చింది. సరిగా పడుకోవడానికి పరుపైనా ఉందో లేదో అనుకున్నాను. ప్రకటన ఎవరో కంపెనీవాడు వేస్తాడని తెలుసు. తెలిసీ కళ్లు తుడుచుకున్నాను.

కస్టమరు ఒకావిడ కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగి, ఎలా ఉంది అని పక్కనున్న అక్కని అడిగింది. ఆ అక్క చూడకుండానే బాగుంది అంది. చూసి చెప్పవే, పక్కనే ఉందిగా అని అరవాలనిపించింది. బిల్లు రాసిచ్చాను.

నాకు నా చెల్లి కావాలి. డైరీలో రాయడానికి సిగ్గెందుకు? దాని సలహాలు కావాలి, దాని ఎగతాళి కావాలి, బాత్రూమ్‌లో అది వదిలేసే తడి తువ్వాలు కావాలి. అన్నం తినేటప్పుడు ఎదురుగా ఎవరూ లేకపోవడం ఇంక అలవాటు కాదు.

బుక్‌మార్కుకి జవాబు వచ్చిందా అని బాబాయి అడగడం మానేశాడు. నేను పేజీ తెరిచినప్పుడల్లా మెషీను మాత్రం ఆపుతాడు.

ఏప్రిల్ 9, బుధవారం, ఉదయం

ల్యాబు అని కొట్టాను. ల్యాబు వచ్చింది.

మళ్లీ కొట్టాను. ల్యాబే. వాతావరణం అని కొట్టాను, వాతావరణమే. వాన చప్పుడు లేదు. పీడీఎఫ్ లేదు. పేకాట లేదు. ఒక్కటీ లేదు.

బాబాయికి చెబితే ఆయన కూడా నాలాగే నిలువుగుడ్లు వేశాడు. రోగం నయమైన కంప్యూటరు ముందు ఇద్దరం చావు కబురు విన్నట్టు కూర్చున్నాం. అది లాప్‌టాప్ అమ్మేసిందా? అకౌంటు తీసేసిందా? నా పలకరింపు చూసి భయపడి పోయిందా?

డాక్టరు పరుగున వచ్చాడు. చెయ్యి పెట్టి వేడి కూడా చూడలేదు.

ఏప్రిల్ 9, సాయంత్రం

అకౌంటు తీయలేదు. రెండో కంప్యూటరు అక్కడే ఉంది, పక్కన ఈరోజు అనే ఉంది. అక్కడ ఎవరో కూర్చుని లాప్‌టాప్‌ని మొదలంటా శుభ్రం చేయించారు, అంతే అన్నాడు డాక్టరు. అని కొత్త ట్యాబు తెరిచాడు. ఇన్నాళ్లూ కొత్త ట్యాబు తెరిస్తే ఆ చెత్త పేజీయే వచ్చేది కాబట్టి బుక్‌మార్కులన్నీ ఉండే వరస మాకు కనబడనే లేదు, నేను నాది ఒక్కటే తెరిచి చూసుకుంటున్నాను. ఇప్పుడు కనబడింది. నేను పెట్టింది ఉంది. దాని పక్కన ఇంకోటి ఉంది. ఎప్పుడు పెట్టిందో తెలియదు.

కుడి -2.75, ఎడమ -3.25. తలనొప్పి.

డాక్టరుకి అర్థం కాలేదు. ఇదేం కోడమ్మా అన్నాడు. బాబాయి మాత్రం గోడ పట్టుకున్నాడు. అవి కళ్ల పవర్లు. చిన్నదాని పాత పవరు నాకు కంఠతా వచ్చు, కుడి రెండుంపావు, ఎడమ రెండున్నర. పెరిగింది. పాత అద్దాలతోనే నెట్టుకొస్తోంది. ఎలా ఉన్నావంటే ఇలా జవాబు చెప్పేది ఈ షాపులో పెరిగిన మనిషి ఒక్కతే.

ఏప్రిల్ 10

పొద్దుణ్ణించీ ఏం రాయాలో తెలియక చచ్చాను. రా అంటే పారిపోతుందేమో. ఎక్కడున్నావంటే మూసుకుంటుందేమో. ఏడ్చాననీ రాయలేను, అది కూడా ఏడుస్తుంది.

చివరికి ఇంకో బుక్‌మార్కు పెట్టాను. అద్దాలు చేస్తాం. పీడీ కొలవాలి. మనిషి రావాలి.

పీడీ అంటే రెండు కంటిపాపల మధ్య దూరం. చదివించుకుని బాబాయి, పెద్దయ్యాక అది మారదు కదే, దాని పీడీ మన దగ్గరే ఉందిగా అన్నాడు. నాకు తెలుసన్నాను. చిన్నదానికీ తెలుసు కదే అన్నాడు. తెలుసు బాబాయ్ అన్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

నా బుక్‌మార్కు పేరు మారిపోయింది. ఆదివారం షాపు తీస్తారా, అని ఉంది.

ఏప్రిల్ 13, ఆదివారం

తీశాం.