దేవి చెప్పని అర్థం

మావా, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, మా గురించి బెంగ పెట్టుకోకు. అమావాస్యకల్లా వేరావల్ ఒడ్డుకు వస్తానన్నావు. పున్నమి దాటినా నీ ఫోను మోగడం లేదు. అందుకే గుజరాత్‌లోని మీ బోటు యజమాని అడ్రసుకు ఈ కార్డు వేస్తున్నాను.

బడిలో మన దేవిని సముద్రం గురించిన ఇంగ్లీషు మాటలకు అర్థాలు అడిగారట. టైడ్ అంటే పోటు, ఎబ్ అంటే పాటు, వేవ్ అంటే కెరటం అని గడగడా చెప్పి, డ్రౌన్ దగ్గర నోరు మూసుకుందట. టీచరమ్మది సముద్రం ఊరు కాదు, దీనికి రాదనుకుని గది బయట నిలబెట్టింది. "మా అయ్య సముద్రం మీదున్నాడు టీచరు, తిరిగొచ్చిందాకా ఆ మాట తెలుగులో అనకోడదు" అందట ఇది. మీ అమ్మ దాన్ని ఒళ్లోకి లాక్కుని, "మంచి పని సేసినావే తల్లీ" అంటూ ఏడ్చింది.

ఇంటి మీద తాటాకు ఇప్పుడే మార్పించనా, నువ్వొచ్చాకనా? నీ వల ఊరికే పడి ఉంది కదా, ఇమ్మని గంగులు బావ అడిగాడు. వల గల మనిషి వస్తాడని చెప్పి పంపేశాను. మోకాలికి నూనె రాసుకుంటున్నావా?

కార్డు అందగానే ఎవరి ఫోనులోంచయినా ఒక్క మాట మాట్లాడు. గంగమ్మ తల్లి నిన్ను కాయాలి. సోమవారం దేవిని మళ్లీ అడుగుతారట. నేను చెప్పను, మీ అమ్మ చెప్పదు. నువ్వొచ్చి మన గుమ్మంలో నిలబడి, ఆ అర్థమేదో నువ్వే చెప్పు.

నీ రాజకుమారి, భావనపాడు