ఇంటావిడా వరసలోనే ఉంది

రాజాం

అమ్మకు వందనాలు. నాచేత గది ఖాళీ చేయించలేదు, బెంగపడకు. అద్దె పెంచుతానన్న ఇంటావిడ జ్ఞానసుందరిని దోపిడీదారని క్రితం కార్డులో రాశాను కదా, ఆ మాట కొట్టెయ్యి. పేదల అద్దెకు ప్రభుత్వం సాయమెందుకు చేయదని నిలదీద్దామని మునిసిపల్ ఆఫీసుకు వెళ్తే, వరసలో నా ముందు ఆవిడే!

"ఏటి రత్నం, నువ్వూ ఇక్కడికేనేటి?" అంది.

బ్యాంకు కిస్తీలు కట్టలేక ఇల్లు పోయేలా ఉందట. వడ్డీలో కొంత ప్రభుత్వం భరిస్తుందని విని వచ్చిందట. పోట్లాడ్డానికి పోయినవాణ్ణి, ఆవిడ దరఖాస్తు రాసిపెట్టి వచ్చాను.

"సాయమొస్తే నీ అద్దె పెంచన్రా. రాకపోతే ఇద్దరం కలిసి అద్దిల్లు ఎతుక్కుందాం" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చెల్లి స్వర్ణకు దగ్గు తగ్గిందా? ఎవరైనా ఇటొస్తే నా దుప్పటి పంపు. నీ ప్రార్థనలో ఆవిడ ఇంటి మాటా చెప్పు. ఆఫీసులో నేను చెప్తాను.

నీ కొడుకు
జీవరత్నం