నూట నలభై మూడో గడి

హార్మొనీ, నార్త్ కెరొలీనా
2003 మార్చి 9, ఆదివారం

మోజెల్ తల్లీ,

నీ మోకాలు ఎలా ఉంది? ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని కళ్ళజోడు వెతుక్కుంటూ విసుక్కుంటావని తెలుసు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. పైగా మా గ్రేడీకి చెవుడన్న పేరేగాని, నేను గుసగుసలాడితే మాత్రం పక్క గదిలోంచి అంతా వినేస్తాడు. అందుకే ఉత్తరం.

ఈ ఇరవై రెండున ఆయనకి డెబ్భై నాలుగు నిండుతాయి. మా రెనీటా తండ్రికి కానుకగా ఒక పుస్తకం తెప్పించి, దాచమని నా చేతికిచ్చింది. ఇటుకంత లావు. ఎవరో రిటైరైన బడిపంతులట, పదిహేనేళ్ళు పాత పేపర్లు తిరగేసి మన కాలపు కారు పందేల లెక్కలన్నీ పోగుచేశాడు. పందేనికో పేజీ. ఎన్ని చుట్లు, ఎన్ని కార్లు, ఎవరు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తేలారు, ప్రమాదాలకి పసుప్పచ్చ జెండా ఎన్నిసార్లు ఊపారు, ఎవరి కారు ఎందుకు ఆగిపోయింది, అన్నీ ఉన్నాయి. నేను దాచింది లేదు, పెట్టింది లేదు, నిన్నటి నుంచి అది నా ఒళ్ళోంచి దిగలేదు. మొక్కజొన్న రొట్టె రెండుసార్లు మాడింది.

'ఆగిన కారణం' అని ఒక వరస ఉంది. ఇంజిను, ఇరుసు, టైరు, వేడెక్కుట అని రాసుకుంటూ పోయాడు. లోనీ కాడిల్ పేరు పక్కన మాత్రం 'మానుకున్నాడు' అని ఉంది. మానుకున్నాడట! కందిరీగ చొక్కాలో దూరితే కారు ఆపి బయటికి దూకి గడ్డిలో పొర్లాడు కదే! చుట్లు లెక్క రాసే మన మంచె మీద నవ్వలేక చచ్చాం. నువ్వు వాడి చుట్టు రాయాల్సినదానివి కూడా కాదు, అయినా పెన్సిల్ జారవిడిచి తిట్లు తిన్నావు. ఆ పంతులుకేం తెలుసు పాపం. ఒక్కో అంకె వెనక నాకు ఒక్కో మనిషి ముఖం కనిపిస్తోంది.

మన మంచె గుర్తొచ్చిందంటే ఈ వయసులో కూడా నాకు నోట్లో ఎర్రమట్టి రుచి తగులుతుంది. ఆడవాళ్ళు కార్ల దగ్గరికి వస్తే దరిద్రమని మనల్ని కార్లు సరిచేసే పిట్లోకి అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. ఆకుపచ్చ రంగూ, వేరుశనక్కాయలూ, ఆడవాళ్ళూ, ఈ మూడూ వాళ్ళకి అచ్చిరావు. గెలుపోటములు తేల్చే పెన్సిల్ మాత్రం మన చేతికే ఇచ్చారు చూడు! రేకుల కప్పు కింద, చెక్క బల్లల మీద, పాతికమందిమి వరసగా కూర్చునేవాళ్ళం. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక కార్డు, దాని నిండా నంబర్లేసిన గడులు. ఎవరి మొగుడి కారు గీత దాటితే వాళ్ళు ఎదురుగా ఉన్న పెద్ద గడియారం చూసి గడిలో టైము రాయాలి. తల తిప్పడానికి లేదు, తుమ్మడానికి లేదు. నువ్వు చెప్పుల పెట్టెలో వేయించిన కోడి తెచ్చేదానివి. పందెం అయ్యేదాకా దాని వాసనతోనే కడుపు నింపుకునేవాళ్ళం. ఎంత బాగుండేదే!

రెండు వందల పన్నెండో పేజీ. కేన్ క్రీక్, అర మైలు మట్టి ట్రాక్, 1963 ఆగస్టు 11. రెండు వందల చుట్లు. బయల్దేరినవి ఇరవై ఆరు, చివరిదాకా నిలిచినవి పద్నాలుగు. ముందు స్థానం తొమ్మిదిసార్లు చేతులు మారింది. పసుప్పచ్చ జెండా అయిదుసార్లు. గెలిచింది మీ ఆయన ఆర్లిస్ పెన్‌లాండ్, ముప్ఫై ఎనిమిదో నంబరు. రెండో స్థానం గ్రేడీ స్ట్రౌడ్, పదిహేడో నంబరు, 'ఒక చుట్టు వెనక'.

ఆ ఒక చుట్టు సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, నా పక్కనే ఉన్నావు. సరిగ్గా మన ఎదుట ఆ నలభయ్యో నంబరు కారు కంచెని కొట్టి పల్టీలు కొట్టడం, దుమ్ము లేచి మన చేతులు మనకే కనపడకపోవడం. ఆ దుమ్ములో గ్రేడీ ఇంజిను చప్పుడు విన్నాను. దాటాడనుకుని టైము వేసేశాను. నిజానికి కార్లన్నీ మలుపు దగ్గరే ఆగిపోయి ఉన్నాయి. చివరికి గెలుపు గళ్ళ జెండా గ్రేడీకే ఊపారు. కిందని ఆయన కప్పు పట్టుకుని ఫోటో దిగుతున్నాడు. నేను మంచె మీద కార్డు మీద సంతకం పెట్టబోతూ, మిల్లులో సాక్సుల డజన్లు సరిచూసే అలవాటు ఎక్కడికి పోతుంది, ఒక్కో గడీ చూసుకున్నాను. నూట నలభై రెండుకీ నూట నలభై మూడుకీ మధ్య పదకొండు సెకన్లు! పదకొండు సెకన్లలో ఆ ట్రాక్ చుట్టూ పిట్ట కూడా ఎగరలేదు. కార్డు పట్టుకెళ్ళి లెక్కల పెద్ద టాలివర్ గారి ముందు పెట్టాను. ఆ చుట్టు కొట్టేసి, కప్పు గ్రేడీ చేతుల్లోంచి తీసి ఆర్లిస్‌కి ఇచ్చారు.

గ్రేడీ మళ్ళీ ఎప్పుడూ గెలవలేదు. పుస్తకం చివర్లో మొత్తాలు వేశాడు. పందేలు నూట ఎనభై ఏడు. మొదటి పదిలో ఇరవై మూడుసార్లు. రెండో స్థానం ఒకసారి. గెలుపులు సున్నా.

ఇప్పుడు అసలు మాట. నలభై ఏళ్ళుగా నీకు కూడా చెప్పనిది. గెలుపు పోయినందుకు కాదే నా బాధ. ఆ పై వారం పందేనికి గ్రేడీ టాలివర్ గారి మరదలి చేతికి కార్డిచ్చాడు. "నువ్వు పిల్లదాన్ని చూసుకుంటూ కింద కూర్చో" అన్నాడు. అంతే. తరవాత ఆయన తొమ్మిదేళ్ళు కారు తోలాడు, ఒక్కనాడు కూడా నన్ను మంచె ఎక్కమనలేదు. అడగలేదు నేను. నిజం చెప్పిన పెళ్ళాన్ని ఇంట్లో ఉంచుకుంటారేమోగాని, నమ్మరు అనుకుని మింగేశాను. పిల్లదాని మీదా, వంట మీదా, చర్చి పాటల మీదా కోపం చూపించాను.

ఇరవై రెండున ఆ పుస్తకం ఆయన చేతికొస్తుంది. వేలు పెట్టి ఆ పేజీకే వెళ్తాడు. ఒకసారి ఆ కాగితం చింపేద్దామనిపించింది. ఇంకోసారి, అప్పుడైనా సరే 'ఎందుకు నన్ను మాన్పించావు' అని అడిగేద్దామనిపిస్తోంది. నువ్వేమంటావు? నువ్వు అడగమంటే అడుగుతాను.

నీ
వెర్లీన్


స్పార్టన్‌బర్గ్
మార్చి 17

వెర్లీన్,

నీ ఉత్తరం అందింది. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పే అర్హత నాకు లేదు. ఎందుకో రాస్తాను, కూర్చుని చదువు.

ఆ దుమ్ములో నేను కూడా రాశానే. నీ పెన్సిల్ కదిలిన చప్పుడు విని, గ్రేడీ వెనకే ఆర్లిస్ ఉంటాడు కదా అని నా గడిలో కూడా టైము వేసేశాను. నీది పదకొండు సెకన్లు, నాది పన్నెండు. నువ్వు కార్డు పట్టుకుని టాలివర్ గారి దగ్గరికి దిగి వెళ్ళావు చూడు, అప్పుడు నేను నా కార్డు చూసుకున్నాను. రబ్బరు తీసి, ముందు గడులూ వెనక గడులూ తుడిచి, ఆ పన్నెండు సెకన్లూ పాతిక పాతికగా కనపడేట్టు సర్దేశాను. తరవాత సంతకం పెట్టాను.

ఎందుకు చేశానంటే, ఆ పొద్దున్నే కారు యజమాని ఆర్లిస్‌తో అన్నాడు, "ఇవాళ కూడా ఉత్త చేతులతో వస్తే ఇంకోణ్ణి చూసుకుంటా" అని. నూలు మిల్లుకి తిరిగి వెళ్ళడమంటే మా ఆయనకి బతికుండగా పాతిపెట్టినట్టే. ఇది సాకు కాదు. జరిగింది చెప్తున్నాను.

నా తప్పు కూడా తీసేస్తే ఇద్దరివీ సమానంగా నూట తొంభై తొమ్మిది చుట్లు, ముందు గీత దాటింది గ్రేడీ. మూడోవాడు నాలుగు చుట్లు వెనక. ఆ పందెం మీదే వెర్లీన్. నలభై ఏళ్ళుగా మీదే.

ఆర్లిస్‌కి తెలీదు. తెలిస్తే ఆ సాయంత్రమే కప్పు తెచ్చి మీ వాకిట్లో పెట్టేవాడు. అందుకే చెప్పలేదు. ఆయన తొంభై నాలుగు పందేలు తోలాడు, గెలిచింది అదొక్కటే. పిల్లలు సమాధి రాయి మీద కారు బొమ్మ చెక్కించి 'విజేత, 1963' అని రాయించారు. రెండేళ్ళుగా పువ్వులు పెట్టినప్పుడల్లా ఆ అక్షరాలు చూడలేక తల దించుకుంటున్నాను.

ఆ కార్డు అప్పుడే అడిగి తెచ్చేసుకున్నాను, నా దగ్గరే ఉంది. రబ్బరు కింద పాత అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. పుస్తకంలో తప్పులుంటే రాయమని ఆ పంతులు అడ్రసు ఇచ్చే ఉంటాడు. నువ్వు రాయమంటే నా చేత్తో రాసి, నా సంతకం పెట్టి పంపుతాను. వద్దంటే నాతోనే పోతుంది. నువ్వు ఎలా అంటే అలా.

మోజెల్


హార్మొనీ
మార్చి 23, ఆదివారం

మోజెల్,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు పొయ్యిలో పెట్టబోయాను. రెండో రోజు నీతో గట్టిగా పోట్లాడాను, వంటగదిలో, ఒక్కదాన్నే. ఆ పందెం రోజు నా భుజం మీద చెయ్యేసి "ఊరుకోవే, నువ్వు చేసిందే ధర్మం" అన్నావు. ఏ చేత్తో రబ్బరు పట్టుకున్నావో ఆ చెయ్యే కదే అది! నేను నీ మెడ పట్టుకుని ఏడ్చాను. ఇది రాయకుండా మిగతాది రాయలేను, రాసేశాను. అయింది.

నిన్న పుట్టినరోజు. రెనీటా వాళ్ళు భోజనం చేసి వెళ్ళాక గ్రేడీ వరండాలో కూర్చుని పుస్తకం తెరిచాడు. నేను అనుకున్నట్టే అయింది. రెండు వందల పన్నెండు. వేలు తిన్నగా ఆ వరస మీద పెట్టాడు. నువ్వు అడగమనలేదు, అయినా అడిగేశాను. 

"అప్పుడు నన్నెందుకు మాన్పించావు గ్రేడీ? నా లెక్క మీద నమ్మకం పోయిందా?"

"ఏంటీ?"

"లెక్క! నమ్మకం!" అని అరిచాను. ఎదురింటి ఆవిడ గులాబీలు కత్తిరించడం ఆపి ఇటే చూసింది.

పుస్తకం మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు. "నువ్వు కార్డిచ్చి ట్రక్కు దగ్గరికెళ్ళిపోయావు. నేను టాలివర్ గారి కాలరు పట్టుకున్నంత పని చేశా. 'దానికి లెక్కలు రావండీ, మతి లేని మనిషి, ఆ కార్డు చింపి పారెయ్యండి' అన్నా. పదిమంది మగాళ్ళ ముందర అన్నా వెర్లీన్. ఆయన నన్నో చూపు చూశాడు. నువ్వేమో ఇంటికొచ్చాక నాకు వేడి వేడి కాఫీ ఇచ్చావు. మళ్ళీ నిన్ను ఆ మంచె మీద చూస్తే నాకు కారు తోలబుద్ధయ్యేది కాదు. సిగ్గేసేది."

నలభై ఏళ్ళు మోజెల్! ఆయన సిగ్గుని నేను కోపం అనుకున్నాను. నా మౌనాన్ని ఆయన ఏమనుకున్నాడో దేవుడికే తెలియాలి. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని ఎవరి తప్పు లెక్క వాళ్ళు మోసుకున్నాం. నాకు ఏడుపొచ్చింది, నవ్వు కూడా వచ్చింది.

అప్పుడు నీ ఉత్తరం చదివి వినిపించాను. అరిచి చదవాలి కదా, నీ తప్పు ఎదురింటి ఆవిడకి కూడా తెలిసిపోయింది, ఏమనుకోకు. గ్రేడీ మొత్తం విన్నాడు. కోప్పడలేదు. "పోనీలేవే," అన్నాడు, "ఆర్లిస్ మంచోడు. పోయినోడి రాతి మీద ఉన్నది మనం చెరపాలా? మోజెల్‌ని బాధపెట్టకు. ఈ వయసులో నాకెందుకది?"

నా మొగుడు ఇంత పెద్దమనిషని నాకే తెలియలేదు అనుకుంటూ గిన్నెలు కడగడానికి లోపలికి వెళ్ళాను. నీకు కూడా అలాగే రాద్దామనుకున్నాను, వదిలెయ్యమని. పది నిమిషాలు అయిందో లేదో, వరండాలోంచి కేక.

"ఏమేవ్! ఆ కార్డు మోజెల్ దగ్గరే ఉందన్నావు కదూ?"

"ఉంది. ఏం?"

"చివరి గడిలో టైమెంత రాసిందో?"

"ఎందుకు?"

"ఊరికేనే," అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "వాణ్ణి ఎంత తేడాతో ఓడించానో తెలుస్తుందని," అన్నాడు.

చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను. వద్దన్న మనిషి గొంతు కాదు అది. ఇరవై ఏళ్ళప్పుడు నన్ను ట్రక్కులో ఎక్కించుకుని ట్రాక్‌కి తీసుకెళ్ళిన గ్రేడీ గొంతు.

అందుకని విను. ఆయన నిన్ను క్షమించాడు, అది ఆయన మంచితనం. ఆ సున్నా మాత్రం ఆయన ఒక్కడిదే కాదు. దాన్ని పెట్టింది నా పెన్సిల్. నా సొంత మొగుడికి నష్టమని తెలిసి కూడా నిజం చెప్పినదాన్ని, నీ మొగుడి కోసం అబద్ధం మొయ్యలేను. పంతులుకి రాయి. సిరాతో రాయి. ఆర్లిస్ సమాధి రాయి సంగతి నీ పిల్లల ఇష్టం, నేను నోరెత్తను. వాళ్ళకి చెప్పేటప్పుడు మాత్రం ఒక్కదానివే చెప్పకు. బస్సెక్కి వస్తాను, నీ పక్కన కూర్చుంటాను. తిడితే ఇద్దర్నీ తిట్టనీ. ఆ దుమ్ములో ముందు పెన్సిల్ కదిపింది నేనే కదా.

నీ మీద కోపం పోయిందా అంటే, లేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను. కాని నువ్వు లేకుండా ఆ రోజులు తలుచుకోవడం నా వల్ల కాదు. అది కూడా నిజమే.

కార్డు ముందు నాకు పంపు. నా చివరి గడి నాకు కంఠతా వచ్చు, మూడు గంటల ముప్ఫై నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. నీది వస్తే తీసివేత వేసి గ్రేడీకి చెప్పాలి. చర్చి నుంచి వచ్చాక ఇప్పటికి రెండుసార్లు పోస్టు డబ్బా దాకా వెళ్ళొచ్చాడు. ఇవాళ ఆదివారం, నేనింకా ఉత్తరమే రాయడం పూర్తి చెయ్యలేదు అన్నా వినడం లేదు.

నీ
వెర్లీన్