తోపు వీధిలో రెండు చేతులు

అప్పకు, నీ తమ్ముడి నమస్కారం.

నిన్న, సోమవారం ఉదయం పదకొండున్నరకు, రేవు సంఘం ఎన్నిక మీద జిల్లా అధికారికి నేను పంపిన అర్జీని వెనక్కి తీసుకున్నాను. రాతపూర్వకంగానే పంపాను. అందినట్టు జవాబు కూడా వచ్చింది. ఇక విచారణ పేరుతో మన రేవుకు ఎవరూ రారు. ఈ మాట నీకు ముందు తెలియాలని క్షేమ సమాచారాలు కూడా దీని కిందకి తోశాను.

నువ్వు, బావ, అమ్మ, మేనకోడలు గౌరి బాగున్నారని తలుస్తాను. అమ్మకు ఈ నెల కిడ్నీల రక్తపరీక్ష చేయించారా? క్రియాటినిన్ ఎంత వచ్చిందో గౌరి చేత మెసేజ్ పెట్టించు. నా మీద కోపం ఉంటే అంకె ఒక్కటే పెట్టించు, చాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. పదకొండు రోజులుగా నువ్వు ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోనయితే మధ్యలో పెట్టేస్తావు. ఉత్తరాన్ని గౌరి చివరిదాకా చదివి వినిపిస్తుంది.

ఢిల్లీలో చలి ముదిరింది. పొద్దున్న తొమ్మిదైనా ఎదురు మేడ కనపడదు. అది మంచు కాదు, పొగ. గొంతు మంట ఉంది కానీ జ్వరం లేదు, కంగారు పడొద్దు. చపాతీ, పప్పు అలవాటయ్యాయి. బజారులో ఐసు మీద చేపలు పెడతారు. కళ్లు చూస్తే పట్టి ఎన్ని రోజులైందో తెలిసిపోతుంది, కొనకుండా వచ్చేస్తాను. ఏడాదిన్నర అయినా ఈ మేడలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే. ఒకరు పాలవాడు, ఇంకొకరు ఇంటాయన. బాగానే ఉన్నానులే.

ఇక అసలు సంగతి. కాశీబుగ్గలో ఇరవై రెండేళ్లు విలేకరిగా ఊరూరా తిరిగినవాణ్ణి, ఇక్కడ కుర్చీలోంచి లేవకుండా విదేశీ వార్తలు రాస్తున్నాను. మొన్న అమెరికా అధ్యక్ష ఎన్నిక వచ్చినప్పుడు, అక్కడి పద్ధతిని తెలుగువాళ్లకు అర్థమయ్యేలా రాసే పని నాకే ఇచ్చారు. రాశాను. బాగుందన్నారు కూడా. అందులో ఉన్నది ఇది. అక్కడ జనం ఓట్లన్నీ దేశం మొత్తానికి ఒక కుప్పగా పోసి లెక్కపెట్టరు. ప్రతి రాష్ట్రానికీ కొన్ని ఓట్లుంటాయి, వాటిని ఎలక్టోరల్ ఓట్లంటారు. మొత్తం ఐదు వందల ముప్పై ఎనిమిది. రెండు వందల డెబ్బై వచ్చినవాళ్లు గెలుస్తారు. రెండు రాష్ట్రాలు తప్ప మిగిలిన చోట్లన్నీ, ఎవరికి ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్లకే. అందుకే ఎనిమిదేళ్ల కిందట ఒకావిడ, దేశం మొత్తం మీద దాదాపు ముప్పై లక్షల ఓట్లు ఎక్కువ తెచ్చుకుని కూడా ఓడిపోయింది. అందుకే అక్కడి అభ్యర్థులు తమకు ఎలాగూ వేసే రాష్ట్రాన్ని వదిలేసి, అటో ఇటో తేలని రాష్ట్రాలకే పదేపదే వెళ్తారు. ఈ చివరి వాక్యం నేనే రాశాను, అప్పా. నా పేరుతోనే వచ్చింది.

అదే వారం నువ్వు ఫోను చేశావు. రేవు సంఘం అధ్యక్ష పదవికి మొదటిసారి ఒక ఆడమనిషి నిలబడుతోంది, అది నువ్వు. నీకు పోటీ అప్పన్న మావ. నువ్వు అడిగిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "తోపు ఈదికి ఎళ్లి ఓపాలి అడగమంతావా తమ్ముడా? మనూర్లో బోట్ల లెక్క కదేటి." నేను నవ్వాను. అది తాత కాలం నాటి మాట, ఇప్పుడు వీధుల్లో చేతులెత్తుతున్నారు, తలలే లెక్క అన్నాను. తోపు వీధి అప్పన్న మావ చుట్టాలది, అక్కడికి వెళ్లి బతిమాలొద్దు, మన ఉత్తరం వీధిలో ఒక్క చెయ్యి జారకుండా చూసుకో అన్నాను. "ఎలచ్చన్ల సంగతి నీకే తెలస్తది" అని పెట్టేశావు. నీకు తెలిసినది చెప్పావు. నేను వినలేదు.

నీకు తెలిసిన లెక్కే అయినా, నాకు ఆలస్యంగా తెలిసిన వరసలో రాస్తాను, తప్పుంటే దిద్దు. ఊళ్లో నాలుగు వీధులు. ఏ వీధికి ఎన్ని బోట్లుంటే సంఘంలో అన్ని ఓట్లు. ఉత్తరం వీధికి పద్నాలుగు, కోవెల వీధికి పదకొండు, తోపు వీధికి తొమ్మిది, కొత్త వీధికి ఎనిమిది. మొత్తం నలభై రెండు, గెలవడానికి ఇరవై రెండు కావాలి. ముందు ఏ వీధి ఆ వీధిలో కూర్చుని చేతులెత్తుతారు. ఎక్కువ చేతులు ఎటుంటే వీధి మొత్తం అటే. తరవాత వీధి పెద్ద రేవుకు వచ్చి తమ బోట్లన్నీ ఒకే పేరున చెబుతాడు. అమెరికా గురించి నేను రాసినదానికీ దీనికీ తేడా లేదు. యాభై రాష్ట్రాల పద్ధతి తెలుసుకున్నాను, నేను పుట్టిన నాలుగు వీధుల పద్ధతి తెలుసుకోలేదు. పదో ఏట టెక్కలి హాస్టలుకు వెళ్లినవాణ్ణి, ఆ తరవాత రేవు ఎన్నిక ఒక్కటీ చూడలేదు. అది కారణమే కానీ సాకు కాదు. నిన్ను అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. తెలియని ఊరు వెళ్లినప్పుడు ముందు అడుగు, తరవాత రాయి అని కొత్త విలేకరులకు నేనే చెప్పేవాణ్ణి.

గౌరి పంపిన అంకెలు నా డెస్కు మీద ఉన్నాయి. మన వీధిలో నీకు నూట ఇరవై చేతులు, అప్పన్న మావకు ఆరు. కోవెల వీధిలో పన్నెండు చేతుల తేడాతో ఓడిపోయావు, కొత్త వీధిలో ఐదు, తోపు వీధిలో మూడు. మొత్తం తలలు లెక్కపెడితే నీకే తొంభై నాలుగు ఎక్కువ. బోట్లు లెక్కపెడితే పద్నాలుగుకు ఇరవై ఎనిమిది. తోపు వీధిలో అటు లేచిన చేతుల్లో రెండు ఇటు లేస్తే, ఆ తొమ్మిది బోట్లూ నీవే. ఇరవై మూడుతో గెలిచేదానివి. ఒక్క సాయంత్రం అక్కడ గడప గడపకీ వెళ్తే ఆ రెండు చేతులు వచ్చేవి. వెళ్లొద్దన్నది నేను.

ఇంతవరకు తెలివితక్కువతనం. దీని తరవాత చేసినదానికే నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఫలితం తెలిసిన మర్నాడే, ఎక్కువ చేతులు లేచిన మనిషిని ఓడించారంటే మోసం జరిగిందని తేల్చేసుకుని జిల్లా అధికారికి అర్జీ పంపాను. కాశీబుగ్గలో నాతో పనిచేసిన ఒక విలేకరికి కూడా చెప్పాను. అతను తక్కువ ఓట్లొచ్చిన మనిషిని అధ్యక్షుణ్ణి చేశారని ఊరి పేరుతో సహా వేశాడు. నిన్ను అడగలేదు. అప్పన్న మావను అడగలేదు. రెండో పక్షాన్ని అడగని వార్త ఎవరైనా తెస్తే నేను చింపేసేవాణ్ణి.

రేవు సంగతి రేవులోనే తేలాలన్నది మన కట్టు. అది నా చేత్తో తెగింది, శిక్ష మీకు పడింది. బావ బోటును దింపడానికి చివరి వంతు ఇస్తున్నారని, చేపల వరసలో నీ బుట్ట పక్కన ఎవరూ కూర్చోవడం లేదని గౌరి చెప్పింది. నువ్వు ఆఖరుసారి ఫోనులో అన్న మాట కూడా రాసేస్తాను, అది నా చెవిలోంచి పోవడం లేదు. "ఓడిపోనానని కాదురా. నన్నడక్కుండా నా పేర్న రాసినావు. రేపట్నుంచి ఆలందరి పక్కన బుట్ట ఎలాగ ఎట్టుకుంతాను, సెప్పు."

బావ అన్న మాట గౌరి నవ్వుతూ చెప్పింది. మీ తమ్ముడు ఢిల్లీ నుంచి అమెరికాని సూసినాడు, మద్దెలో మనూరు కనపళ్లేదు అన్నాడట. బావకు చెప్పు, నిజమేనని.

శుక్రవారం అప్పన్న మావకు ఫోను చేశాను. తిడతాడనుకున్నాను. అమ్మ ఆరోగ్యం అడిగాడు, ఢిల్లీ చలి అడిగాడు, నా అర్జీ వల్ల సంఘం తరఫున మూలపేట పోర్టు వాళ్లతో మాట్లాడే పనులు ఆగిపోయాయన్నాడు. తరవాత అన్నాడు: "ఆ లెక్క ఎట్టినోడు మీ తాతేరా. జనం ఎక్కువున్న ఈది మీదే. మా ఈదుల్లో కాలెట్టకుండా మీవోళ్లే ఏలీకూడదని ఎట్టినాడు."

నాకు ఎవరూ చెప్పలేదనలేను. అడిగితే కదా.

ఆ లెక్క న్యాయమైనదేనా అంటే, నాకు ఇప్పటికీ అనుమానమే. బోటు లేని ఇల్లు దేనికి లెక్క? అమెరికాలోనూ ఈ తగువు తెగలేదు. కానీ లెక్క మార్చాలంటే ఎన్నికకు ముందు రేవులో అడగాలి. ఓడిపోయాక ఢిల్లీ నుంచి అర్జీ పెట్టడం కాదు. అడగాలో వద్దో నీ ఇష్టం. నీ పేరు మీద ఇక నేను ఒక్క అక్షరం కూడా రాయను. ఆ విలేకరి చేత సవరణ వేయించాను, కత్తిరింపు ఈ కవరులోనే ఉంది. దాన్ని అప్పన్న మావ ఇంటికి గౌరి చేత పంపించు. నాకు ఎండు నెత్తళ్ల చేపలు, జీడిపప్పు ఏమీ కట్టొద్దు. ఈసారి తీసుకునే ముఖం లేదు.

అమ్మ పాదాలకు దండాలు చెప్పు. బావకు నమస్కారం, గౌరికి ముద్దులు. వీధిలో పెద్దవాళ్లు నా ఊసెత్తితే దండాలు చెప్పు, ఎత్తకపోతే ఊరుకో. పెద్దదానివి, తిట్టి అయినా దీవించు.

గురువారం ఇక్కడ రైలెక్కుతున్నాను. విశాఖలో మారి శనివారం పొద్దున్న పలాసలో దిగుతాను. ఈ ఉత్తరం నాకంటే ముందే చేరాలని స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. స్టేషనుకు ఎవరినీ పంపొద్దు. వచ్చే మంగళవారం అమెరికాలో రాష్ట్రాలవారీగా ఎలక్టోరల్ ఓట్లు వేస్తారు. ఆ వార్త రాసే పని వేరే అతనికి అప్పజెప్పాను. శనివారం సాయంత్రం తోపు వీధికి వెళ్తాను, మొదటి గడప నుంచి చివరి గడప దాకా. నువ్వు రానక్కర్లేదు. ఆదివారం పొద్దున్న ఏడింటికి రేవులో నాలుగు వీధుల సభ, నేను అడిగితే అప్పన్న మావ పిలిచాడు. ముందు అప్పన్న మావ మాట్లాడతాడు. తరవాత నేను చెప్పులు విడిచి ఇసుకలో నిలబడి తప్పు ఒప్పుకుంటాను. ఆ తరవాత బావ బోటు వంతు, నీ బుట్ట చోటు గురించి వీధులు చేతులెత్తుతాయి. తోపు వీధిది మొదటి వంతు.

నీ తమ్ముడు,
సింహాచలం