సున్నం లేని గోడల కోసం పర్మనెంటు కుర్చీ పంపకం

క్రొయేషియా పౌరుణ్ణి, దోబ్రిలా మర్దెషిచ్ గారి ఏకైక కుమారుణ్ణి, ఇరవై తొమ్మిదేళ్ళవాణ్ణి, అవివాహితుణ్ణి, స్ప్లిట్ నుంచి పడవలో రెండు గంటల దూరంలో ఉన్న ఈ ద్వీపపు భూమి కొలతల కార్యాలయంలో ఆరేళ్ళుగా పర్మనెంటు గుమాస్తాను అయిన యెర్కో మర్దెషిచ్ అను నేను, ఒంట్లో జ్వరం లేకుండా, కడుపులో వైన్ లేకుండా, ఎవరి ప్రోద్బలమూ లేక, నిజానికి అందరి ప్రోద్బలానికీ ఎదురుగా, పూర్తి తెలివితో రాస్తున్న కడపటి వీలునామా ఏమనగా:

రేపు సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు నా రాజీనామా మీద కార్యాలయం ముద్ర పడిన క్షణాన నేను మరణించినట్టు ఎంచవలెను. ఈ మాట నాది కాదు, మా అమ్మది. ఆఫీసు మానేసి రాతిగోడలు కట్టుకుంటానని పంతొమ్మిది రోజుల కిందట చెప్పాను. ఆమె చేప పొలుసు తీయడం ఆపకుండానే, "ఆ కుర్చీ దిగిన రోజే నువ్వు నాకు చచ్చినట్టు లెక్క" అంది. అప్పటినుంచి నాతో మాట లేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే పిల్లికి చెబుతుంది: "దొరగారికి చెప్పవే, సూప్ చల్లారిపోతోందని." చావు ఎటూ ఖాయమైంది గనుక, చచ్చేవాడు చేయవలసిన మర్యాదలు చేసి పోతున్నాను.

1వ దఫా. పటాల గదిలో కిటికీ పక్కనున్న నా కుర్చీని మా డైరెక్టరు గారి మేనల్లుడికి సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. ఇవ్వకపోయినా అతను తీసుకుంటాడు. ఇచ్చానన్న పేరైనా నాకు దక్కనీ. ఎడమ చక్రం తిరగదు. తిరగనక్కరలేదు కూడా, ఆ కుర్చీలోంచి ఎవరూ ఎక్కడికీ పోరు.

ఆ కుర్చీ నాకెలా సంక్రమించిందో వారసుడికి తెలియాలి. నేను జాగ్రెబ్‌లో కొలతల చదువు చదివి, ఉద్యోగ పరీక్షలో రెండోవాడిగా వచ్చాను. అప్పుడు మా అమ్మ, రెండేళ్ళు పొగబెట్టి ఆరబెట్టిన పంది తొడ ఒకటి గుడ్డలో చుట్టుకుని, ఒకానొక పెద్దమనిషి ఇంటికి పండగ శుభాకాంక్షలు చెప్పడానికి వెళ్ళింది. పండక్కి ఇంకా మూడు నెలలుంది. మరుసటి వారం నేను మొదటివాణ్ణయ్యాను. తమ ప్రతిభ బరువెంతో చాలామందికి జీవితాంతం తెలియదు. నాకు తెలుసు. ఎముకతో కలిపి తొమ్మిది కిలోలు.

2వ దఫా. పై దఫాలో ఇచ్చింది కుర్చీ మాత్రమే, అది ఉన్న చోటు కాదు. చోటును, కిటికీని, కిటికీలోంచి కనబడే రేవును, తోన్కా గారికి ఇస్తున్నాను. ఆమె మా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇనప బీరువాకు ఎదురుగా కూర్చుని పనిచేస్తోంది. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే, ఎందుకంటే ఆ భవనంలో పని అనేది చేసే మనిషి ఆమె ఒక్కతే. పాత పటంలో తప్పు దొరికితే ఆమె మొహం పెళ్ళికూతురి మొహంలా వెలుగుతుంది. "ఇలా రావోయ్ యెర్కో, ఈ మహానుభావుణ్ణి చూడు, సముద్రంలో ద్రాక్షతోట వేశాడు" అని పిలిచి, అదే పటం నాలుగోసారి మొదటినుంచీ సరిచూస్తుంది. నాకు మొదటిసారికే ఆవలింత వచ్చేది. అందువల్ల ఆ పని చెడ్డదని నేను ఎక్కడా సాక్ష్యం చెప్పను. అది ఆమె పని. నేను ఆరేళ్ళు అందులో అద్దెకున్నాను.

3వ దఫా. రేవు పక్క కాఫీ కొట్టులో నా కుర్చీని, ఫిర్యాదుల్లో నా వాటాను, నా ముగ్గురు స్నేహితులకు సమంగా పంచుతున్నాను. పేర్లు రాయను, వాళ్ళ తల్లులు చదువుతారు. ఒకడు బ్యాంకు, ఒకడు టికెట్ల కౌంటరు, ఒకడు మున్సిపాలిటీ. పదిగంటల తిండికని అరగంట అనుమతి తీసుకుని గంటన్నర కూర్చుంటాం. గంటన్నరా ఒకే పాట: వచ్చే ఏడాది మానేస్తా. ఆ వచ్చే ఏడాది ఇప్పటికి అయిదుసార్లు వచ్చి, మమ్మల్ని చూసి, సిగ్గుపడి వెళ్ళిపోయింది. నిజంగా మానేస్తున్నానని నేను చెప్పిన రోజున ముగ్గురూ ఎవరి కాఫీ డబ్బులు వాళ్ళు లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాత బ్యాంకువాడు, "నీకేంరా, నీకు పెళ్ళాం పిల్లలు లేరు" అన్నాడు. వాడికీ లేరు. వాడికి ఉన్నది భయం మాత్రమే, దాన్నే కన్నకొడుకులా పెంచుకుంటున్నాడు.

4వ దఫా. స్ప్లిట్‌లో 'నీ నిజమైన పనిని కనుక్కో' అనే రెండు రోజుల శిక్షణ నడిపిన లానా అనే ఆవిడకు, ఆమె ఇచ్చిన నూట నలభై ప్రశ్నల పుస్తకాన్ని తిరిగి ఇస్తున్నాను. నింపినదే. నేను ఏ జంతువునో అడిగారు, గాడిద అని రాశాను. నిజం రాశాననుకుని మెచ్చుకున్నారు. "కళ్ళు మూసుకోండి, అయిదేళ్ళ తర్వాత మీ ఉదయం ఎలా ఉందో చూడండి" అన్నారు. కళ్ళు మూసుకున్నాను, పడవ ప్రయాణం బడలిక, నిద్రపట్టింది. చివరికి తేలిందేమంటే నాకు సముద్రంతో అనుబంధం, నాయకత్వ లక్షణాలు ఉన్నాయట. పడవెక్కితే వాంతి చేసుకునేవాణ్ణి నేను. నా పక్కన కూర్చున్న పళ్ళ డాక్టరుకు కూడా అదే తేలింది. ఆయన ఆనందంగా ఏడ్చాడు. ఆ గదిలో తనకు నచ్చిన పని చేస్తున్న మనిషి లానా గారొక్కరే. నచ్చని పనుల్లో ఉన్నవాళ్ళే ఆమె పంట.

5వ దఫా. రెండు తేనెపెట్టెలు, ఒక వల ముసుగు, మూడు వందల అచ్చు చీటీలు: ఇవన్నీ మా అమ్మకు అన్నగారైన కుజ్మా మావయ్య కోళ్ళకు. చీటీల మీద 'యెర్కో వారి కొండతేనె' అని బంగారు అక్షరాలున్నాయి. తేనెటీగలను కొనకముందే చీటీలు అచ్చువేయించాను, కాబట్టి రోగం ఏమిటో అప్పుడే తెలియాల్సింది. తేనె గురించి ఊహించినప్పుడల్లా నాకు కనిపించింది ఈగలు కాదు. గడ్డి టోపీ పెట్టుకుని సాయంత్రపు ఎండలో సీసా ఎత్తి చూస్తున్న నేను. ఈగలు ఈ విషయం నాలుగు నెలల్లో కనిపెట్టి వెళ్ళిపోయాయి. ఆ పై ఏడాది పర్యాటకులకు ఊరు చూపించే పని. దానిలో నచ్చింది తెల్లచొక్కా. పని మార్చుకోవాలనుకునే వెర్రివాళ్ళు నూటికి తొంభై మంది మార్చుకోవాలనుకునేది పనిని కాదు, ఫొటోను. ఈ తొంభైలో నేను రెండుసార్లు ఉన్నాను గనుక తిట్టే హక్కు నాకు రిజిస్టరైనట్టే.

6వ దఫా. కుజ్మా మావయ్యకు కోళ్ళ ద్వారా గాక నేరుగా ఇచ్చేది ఒకటుంది. వియన్నా చక్రవర్తి మా ద్వీపాన్ని ఏలిన కాలంలో గీసిన మా కొండవాలు పటం, నేను ఆఫీసులో పెద్దగా అచ్చుతీయించినది. చేపలు చుట్టుకోవడానికి. దీని కథ చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ చావుకు కారణం అదే.

ఈ మే నెలలో మావయ్య, తన ఆలివ్ తోటకూ పక్కనున్న షిమే తోటకూ మధ్య కూలిపోయిన గోడను తిరిగి కట్టమన్నాడు. మా గోడలకు సున్నం ఉండదు, సిమెంటు ఉండదు. రాయి మీద రాయి, పొట్టలో చిన్నరాళ్ళు, అంతే. మావయ్య నేర్పింది ఒక్కటే సూత్రం: "చేతికి తీసిన రాయిని కింద పెట్టకు. దానికి చోటు వెతుకు. లేకపోతే సాయంత్రందాకా రాళ్ళను ముద్దు చేస్తూ కూర్చుంటావు." నేను చదువుకున్నవాణ్ణి గదా, పటం తెచ్చాను, తాడు లాగాను, గీత గీశాను. సంవత్సరపు సెలవులన్నీ పెట్టి పదకొండు రోజుల్లో గోడ లేపాను. ఆ పదకొండు రోజులూ మావయ్య, షిమే అంజూరపు చెట్టు నీడన పక్కపక్కన కూర్చుని చూశారు. ఒక్క మాట అనలేదు.

పన్నెండో రోజున మావయ్య లేచి, గోడను చేత్తో నిమిరి, "బాగుందిరా అల్లుడూ, గట్టిగా ఉంది. ఒక్కటే చిక్కు. షిమే చెట్లు రెండు మనకొచ్చాయి, మన బావి వాడికి పోయింది" అన్నాడు.

షిమే తాపీగా, "నాకేం అభ్యంతరం లేదు బాబూ. మీ బావి నీళ్ళు తియ్యగా ఉంటాయి" అన్నాడు.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తే కాగితం చూపిస్తావు గదరా. ఆఫీసువాడి కాగితంతో ఎవడు కొట్లాడతాడు? గోడ లేచాక నీ కళ్ళతో నువ్వే చూస్తావని ఆగాం" అన్నాడు మావయ్య. నా గోడకు ఒకచోట నాలుగడుగులు ఇటు, ఇంకోచోట నాలుగడుగులు అటు, ముళ్ళపొదల కింద, పాత గోడ తాలూకు పునాది వరస చెక్కు చెదరకుండా ఉంది. పొదను కాలితో పక్కకు నెట్టి ఉంటే కనిపించేది. పటం గీసినవాడు ఆ రోజు ఎండకు భయపడి కింద నీడన కూర్చునే గీసి ఉంటాడు. వాడు నా వృత్తికి మూలపురుషుడు.

గోడ విప్పి, పాత పునాది మీద మళ్ళీ కట్టాను. శని ఆదివారాలు, సాయంత్రాలు, వేసవంతా పట్టింది. మొదటివారం సిగ్గుతో ఒళ్ళు మండింది. ఆగస్టులో ఒక శనివారం, మూడోసారి మార్చిన ఒక మూలరాయిని నాలుగోసారి మారుస్తూ ఉండగా గమనించాను: నేను తిట్టుకోవడం లేదు. ముద్ర పడలేదని ఒక్క కాగితం ఆఫీసులో తిరిగొస్తే నాకు వారం పాడయ్యేది. ఇక్కడ రెండు టన్నుల రాయి తిరిగొచ్చింది, నేనేమో ఈల వేస్తున్నాను. తెల్లచొక్కా లేదు, ఫొటో తీసేవాడు లేడు, గోరు నల్లబడి ఊడిపోయింది. కాబట్టి లానా గారి నూట నలభై ప్రశ్నల స్థానంలో నేనొక్కటే ప్రశ్న వారసులకు వదిలి పోతున్నాను: చేసిందంతా తప్పని తేలి, మొదటినుంచీ మళ్ళీ చేయమంటే, నువ్వు ఏ పనిలో ఈల వేస్తావు? బాగా జరిగిన పని ఎవడికైనా నచ్చుతుంది. దానికి ప్రతిభ అక్కరలేదు.

7వ దఫా. జీతం లేని సెలవు దరఖాస్తు ఒకటి, ఖాళీది, మా డైరెక్టరు స్రెచ్కో గారికి. దాన్ని నాకిచ్చింది ఆయనే. "ఏడాది తిరిగి రావయ్యా, ఎండలో బుర్ర చల్లబడ్డాక వద్దువుగాని. కుర్చీ ఎక్కడికి పోతుంది" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు, అదే ప్రమాదం. నడుముకు తాడు కట్టుకుని దిగితే మొదటి చలికాలంలోనే పైకి లాగమని అరుస్తానని నాకు తెలుసు. తాడు పట్టుకునే చేతులు పైన సిద్ధంగా ఉంటాయని ఆయనకూ తెలుసు. సంతకం చేయలేదు. ఆ సెలవు ఆయనే వాడుకోవచ్చు. చర్చి మెట్ల మీద నలుగురు మగవాళ్ళు కలిసి పాడేటప్పుడు ఆయన గొంతు వింటే, పగలంతా ఆ గొంతుతో 'రేపు రండి' అనిపించుకున్న జనం కూడా క్షమించేస్తారు.

8వ దఫా. ఇంతకుముందు ఈగల కోసం, తెల్లచొక్కా కోసం నేను మనసులో రాసుకున్న రాజీనామాలన్నీ ఇందుమూలంగా రద్దు. వాటన్నిటిలో తిరిగొచ్చే దారి ఒకటి ఉండేది. ఇందులో లేదు.

9వ దఫా. మా అమ్మకు. అమ్మా, ఈ దఫాలో వెటకారం లేదు, వెతక్కు. నువ్వు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు చేసి, ఒక మంగళవారం పొద్దున గేటుకు గొలుసు చూసి, తిండి డబ్బా విప్పకుండానే ఇంటికొచ్చావు. గొలుసు పడని గేటు ఒకటి నాకోసం వెతికావు. దొరికింది కూడా. దాన్నే వదిలి పోతున్నాను. నువ్వు భయపడేవన్నీ జరగొచ్చు. ఉత్తరపు చలిగాలి వీచే నెలల్లో రాయి చేతికి అంటుకుపోతుంది. మావయ్య నడుము సంగతి నీకు తెలుసు. ఇప్పుడు నాలుగు తోటలవాళ్ళు పిలిచారు, వచ్చే ఏడు ఒక్కరూ పిలవకపోవచ్చు. నాకూ భయంగానే ఉంది. దాంతోపాటు పొద్దున లేవాలనీ ఉంది. ఈ ఆరేళ్ళలో ఆ రెండోది లేదు.

నీకు ఇందులో ఏమీ రాయడం లేదు. వాటా ఉన్నవాళ్ళు సాక్షులుగా ఉండకూడదని చట్టం. నాకు నీ సంతకం కావాలి. ఒప్పుకోనక్కరలేదు, ఇది నేను నా చేత్తో రాశానని చూస్తే చాలు. కాగితాన్ని వంటింటి బల్ల మీద పెట్టి పడుకుంటున్నాను. నువ్వు సంతకం పెట్టకపోయినా రేపు ఎనిమిదింటికి వెళతాను. కాకపోతే ఇద్దరు సాక్షులు లేని వీలునామా చెల్లదు.

ఇది నేను చదువుకుని, దిద్దుకుని, 2023 అక్టోబరు 15, ఆదివారం నాడు నా చేవ్రాలు చేసినది.

యెర్కో మర్దెషిచ్

సాక్షులు:

1. షిమే బొరోవిచ్, రైతు. గోడ విషయం అంతా నిజం. బావి గురించి నేను ఇంకా ఆలోచిస్తున్నాను.

2. (సంతకానికి వదిలిన చోట, దోబ్రిలా మర్దెషిచ్ చేతిరాత) పెట్టను. బతికున్నవాడి వీలునామా మీద నేనెందుకు సంతకం పెట్టాలి. ఏడింటికి లేపుతాను. గడ్డం గీసుకుని వెళ్ళు.