పై గొట్టం

కాలేజీ స్టాఫ్ రూమ్,
మార్చి 13, గురువారం మధ్యాహ్నం.

నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమమని, మీరూ క్షేమమని తలుస్తున్నానని రాయడం పద్ధతి. పద్ధతి ప్రకారం రాశాననే అనుకోండి. మన పిడుగు, మీ మనవరాలి ఎడమ చెయ్యి ఇంకా మెడకు కట్టిన గుడ్డలోనే ఉంది. జడ నేనే వేస్తున్నాను. వేస్తున్నంతసేపూ అద్దంలో నా మొహం చూడదు. ఇదీ మా క్షేమం.

ఒకే ఊళ్ళో ఉండి ఉత్తరమేమిటని విసుక్కుంటారని తెలుసు. ఫోనులో మీరు నన్ను మాట పూర్తి చెయ్యనివ్వరు. షాపుకొస్తే వెల్డింగ్ ముసుగు దించేసుకుంటారు. కాగితమైతే మధ్యలో అడ్డు రాలేరు కదా, అందుకని.

ఆదివారం సైకిల్ క్లబ్బు మీటింగులో మొదట మాట్లాడేది మీరేనని సెక్రటరీ చెప్పాడు. తమ్ముడు చేసిన కార్బన్ ఫ్రేములతో ఎవరూ రేసులో దిగకూడదని తీర్మానం పెడతారట. కన్నతండ్రే లేచి అలా అంటే కాదనేవాడెవడు? ఆ తర్వాత తమ్ముడు షట్టరు దించుకోవడమే. మీ షాపుకి ఎదురుగానే కాబట్టి ఆ చప్పుడు మీకు బాగానే వినబడుతుంది.

నాకు మాత్రం మీ షాపు అంటే ఇప్పటికీ ఆ వాసనే గుర్తొస్తుంది, నూనె, వేడి లోహం, మీ చొక్కా. బడి నుంచి తిన్నగా అక్కడికే వచ్చి, గొట్టాల కట్ట మీద కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని. టైటానియం ఎర్రగా కాలినప్పుడు గాలి తగిలితే పాడైపోతుందని, గొట్టం లోపలా బయటా గ్యాసు నింపి, మీరు కూడా ఊపిరి బిగబట్టి అతుకు వేసేవారు. అతుకు వెండిలా మెరిస్తే నన్ను పిలిచి చూపించేవారు. నీలం తిరిగి గాలి తగిలినట్టు తేలిందంటే మాత్రం, కొనడానికొచ్చినవాళ్ళు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, రంపం తీసి కోసి పారేసేవారు. రంగేసేస్తే ఎవరికి తెలుస్తుంది మాస్టారూ అని ఒకాయన అంటే, నాకు తెలుస్తుంది కదయ్యా అన్నారు. నేను లోహాల చదువు చదివింది ఆ మాట వల్లేనని మీకెప్పుడూ చెప్పలేదు.

ఇంకోటి కూడా గుర్తుంది. సైకిలుని నేల మీంచి ఎత్తి పట్టుకునే మీ స్టాండు. మూడో తరగతిలో నా రబ్బరు పోయిందని, గొట్టాన్ని బిగించి పట్టే ఆ స్టాండు దవడకున్న చదరపు రబ్బరు ముక్క మూల బ్లేడుతో కోసేశాను. దాంతో చెరిపితే లెక్క చెరగలేదు సరికదా, కాగితమంతా నల్లబడింది. వీపు చిట్లిపోతుందనుకున్నాను. మీరేమో దవడ అటూ ఇటూ తిప్పి చూసి, పాపం, మా స్టాండుకి పన్ను ఊడిందే అని పగలబడి నవ్వారు. ఆ రబ్బరు ఇవాళ్టికీ మార్చలేదు. ఆ నవ్విన మనిషి ఎటు పోయాడా అని ఈమధ్య తరచూ అనుకుంటున్నాను.

తమ్ముడు కార్బన్ పని నేర్చుకుని, తన మొదటి ఫ్రేము తెచ్చి రెండు వేళ్ళ మీద నిలబెట్టి చూపించిన రోజు మీరేమన్నారో మీకు గుర్తుండకపోవచ్చు. దీనికి తాడు కట్టు, పిల్లలు గాలిపటం ఎగరేసుకుంటారు అన్నారు. వాడూ తక్కువ తిన్నాడా? మీ సైకిలు కొంటే మూడు తరాలు తొక్కుకోవచ్చు నాన్నా, గెలవడం మాత్రం నాలుగో తరానికి వదిలెయ్యాలి అన్నాడు. ఇద్దరూ నవ్వుతూనే అన్నారు. నవ్వు ఎక్కడ ఆగిందో నేను పట్టుకోలేకపోయాను. వాడు వీధికి అటుపక్క షాపు తెరిచాక, అన్నం దగ్గర కూడా మీ మాటలు నా మీదుగానే వెళ్ళేవి. నాన్నకి చెప్పు అని వాడు, మీ తమ్ముడికి చెప్పు అని మీరు. నేను మనిషిననుకున్నారో పోస్టు డబ్బాననుకున్నారో.

ఏది మంచిదో చదువుకున్నదానివి, నువ్వే తేల్చు అని ఇద్దరూ నా మీద పడేవారు. మనిషిని బట్టి, రోడ్డుని బట్టి, రేసుని బట్టి అనేదాన్ని. ఇంత చదివీ ఒక్క ముక్క తేల్చి చెప్పలేదు మా అమ్మాయి అని మీరు ఊరంతా చెప్పుకున్నారు. నిజమే. క్లాసులో పిల్లలక్కూడా అదే చెబుతాను. టైటానియానికి దెబ్బ తగిలితే సొట్ట పడుతుంది, చూస్తే తెలుస్తుంది. కార్బన్ పైకి నున్నగానే ఉండి, దెబ్బని లోపల దాచుకుంటుంది. అంతమాత్రాన ఒకటి నిజాయితీ, ఇంకోటి మోసం అయిపోవు. దేని దారి దానిది.

మన పిడుగేమో తనకి మామయ్య ఫ్రేమే కావాలంది. మీరు ఎన్నాళ్ళు మూతి ముడుచుకున్నారో నాకు తెలుసు. అందుకే జూనియర్ జట్టు సెలక్షన్ రేసు ముందురోజు సాయంత్రం, గేర్లు తడబడుతున్నాయని అది మీ షాపుకే వచ్చినప్పుడు మీరు సంతోషం పట్టలేకపోయారట. మామయ్య ఊళ్ళో లేడు, ఉన్నా నేను తాతయ్య దగ్గరికే వచ్చేదాన్ని అని కూడా అందట, గడుసుది. మర్నాడు పొద్దున రేసు మొదలయ్యే గీత దగ్గర నిలబడి మీరు కనబడ్డవాళ్ళందరికీ చెప్పారు. వాడి ప్లాస్టిక్ బొమ్మకి గేర్లు కూడా నేనే సర్దాలి, చివరికి అన్నీ నా చేతికే రావాలి అని.

ఆ తర్వాతది మనమెవ్వరం చూడలేదు. కొండ దిగుడులో ముందు గుంపులోనే ఉందట. వంపులో చిన్న గుంత. అలాంటి గుంతలు అది రోజుకి వంద దాటుతుంది. సైకిలు దాని కిందే రెండుగా మడుచుకుపోయిందని వెనక వస్తున్న అమ్మాయి చెప్పింది. కాలర్ బోన్ విరిగింది. జట్టులో చోటు వేరే అమ్మాయికి వెళ్ళింది. వచ్చే ఏటికి దీని వయసు ఆ జట్టుకి సరిపోదు. అంతే, అయిపోయింది.

ఆసుపత్రిలో మీరన్న మొదటి మాట, దానికెలా ఉంది అని కాదు. నేను చెప్పలేదా అని. తమ్ముడు లిఫ్టు పక్కన దాని హెల్మెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అవును నాన్నా, నా ఫ్రేమే అన్నాడు, అంతే. దాన్ని మీరు ఒప్పుకోలు కింద తీసుకున్నారు. నేనూ అలాగే తీసుకుని, ఇకమీద మా గడప తొక్కొద్దన్నాను. తల ఊపి, హెల్మెట్టు కుర్చీలో పెట్టి మెట్లమీంచి వెళ్ళిపోయాడు.

సీటుకీ హ్యాండిలుకీ మధ్య విరిగిన పై గొట్టం ముక్క సెక్రటరీ నాకిచ్చాడు. మీరు చదువుకున్నవారు, ఎందుకు విరిగిందో ఒక్క మాట చెబితే ఆదివారం అందరి ముందూ పెడదాం అన్నాడు. తేల్చలేనని చెప్పాను. ఏదీ తేల్చలేని మీ అమ్మాయిని కదా, మరి.

ఇంతకీ నేను అడిగేది చిన్నది. ఆదివారం ఆ మీటింగుకి వెళ్ళకండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి, నేనూ అదే చెబుతాను. వెళ్ళక తప్పదంటే నోరు విప్పకుండా కూర్చుని రండి. మిగిలినవాళ్ళు ఏమన్నా వాడు తట్టుకుంటాడు.

నా మాట ఎప్పుడూ వినలేదని ఈసారీ వినకుండా ఉండకండి.

ఇట్లు,
ఎటూ తేల్చని మీ పెద్దమ్మాయి

తా.క. కవరు అంటించి, గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి చించాను. పైన రాసినదాంట్లో ఒకటి అబద్ధం. ఎందుకు విరిగిందో నాకు తెలుసు. చెప్పనని తమ్ముడికి మాటిచ్చాను, ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

గొట్టం మీద బురద కడిగి, కిటికీ దగ్గర ఏటవాలు వెలుతురులో పట్టుకుని చూశాను. రంగు మీద చాలా సన్నగా ఒక అచ్చు ఉంది. నలుచదరం, ఒక మూల లేదు. దానికి సరిగ్గా అటువైపు ఇంకో అచ్చు. ఆ రెంటికీ మధ్య లోపలి పొరలు నలిగి విడిపోయి ఉన్నాయి. గొట్టం విరిగింది అక్కడే.

కార్బన్ సైకిలుని పై గొట్టం పట్టి స్టాండులో బిగించకూడదు నాన్నా. ఆ గొట్టం తొక్కేటప్పుడు పడే బరువుని ఎంతైనా మోస్తుంది, పక్కలనుంచి నొక్కితే ఓర్చుకోదు. సీటు కింది రాడ్డు పట్టి బిగించాలి. మీ టైటానియం ఫ్రేముల్ని ఎక్కడ పట్టి బిగించినా ఏమీ కాదు, అందుకని మీ చెయ్యి జీవితమంతా పై గొట్టానికే వెళ్ళింది, ఆ సాయంత్రమూ అక్కడికే వెళ్ళింది. ఈ ఒక్క సంగతి వాడు మీకు ఎప్పుడో చెప్పి ఉండేవాడు, మీ ఇద్దరి మధ్య మాటలుండి ఉంటే.

పిడుగుని అడిగాను. గేర్లు చూడాలంటే బిగించాలి కదమ్మా అంది. గోడవైపు తిరిగి పడుకుంది. తర్వాత తమ్ముడి షాపుకి వెళ్ళాను. ఆ పొద్దున ఊరినుంచి తిరిగొచ్చి అది పడిన చోటికి వెళ్ళినప్పుడు, రోడ్డు పక్కనే వాడికి తెలిసిపోయిందట, ముక్క చేతిలోకి తీసుకోగానే. ఆ పన్ను ఊడిన దవడని నేను గుర్తుపట్టనా అక్కా అన్నాడు. మరి నన్నెందుకు తిట్టనిచ్చావురా అంటే, నువ్వు తిడితే రెండు రోజులు అన్నం సయించదు, అంతే. నాన్నకి తెలిస్తే ఆ చెయ్యి మళ్ళీ పనిముట్టు పట్టదు. ఆయన దగ్గర ఇంకేముంది చెప్పు? నా షాపు పోతే ఇంకోచోట పెట్టుకుంటాను అన్నాడు.

మీ కొడుకు అంత మంచివాడు. నేను కాను. పిల్ల జట్టులో పోగొట్టుకున్న చోటు, తమ్ముడు పోగొట్టుకోబోయే షాపు, రెండూ మీ గర్వానికి కానుకలుగా ఇచ్చెయ్యలేను. మీరు తెలిసి చేశారని అనడం లేదు. తెలియకుండా చేసినదానికి వాణ్ణి ఊరందరి ముందూ నిలబెట్టబోతున్నారు, అదీ నా బాధ.

నా మాట నమ్మొద్దు. ముక్క ఈ కవరుతోనే పంపుతున్నాను. స్టాండు దగ్గరికి తీసుకెళ్ళి దవడకి ఆనించి చూడండి. నేను కోసిన మూల మీకు నాకంటే బాగా తెలుసు.

పైన మీటింగుకి వెళ్ళొద్దన్నాను కదా, అది కొట్టేస్తున్నాను. వెళ్ళండి. నీలం తిరిగిన అతుకుని అందరి ముందూ కోసి పారేసిన మనిషి మీరు. ఆదివారం మొదట మాట్లాడేదీ మీరే.